ఇరవైకి ఇరవై

ఆ ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడి చేయించుకుని నెలనెలా చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు రెండు వందల ముప్ఫై మంది. వాళ్ళలో పరీక్షలమ్మ చేత ఇరవైకి ఇరవై మార్కులు వేయించుకున్నవాళ్ళు పదకొండు మందే. ఆ పదకొండు మందిలో ఒకడు తాళాలు బాగుచేసేవాడు. అతని ఒంట్లోని కిడ్నీ ఎలా చెడిందో అర్థం కావాలంటే ముందు ఆ మార్కుల సంగతి చెప్పాలి. ఎందుకంటే అతనికి ఒక్క మార్కు తక్కువ వచ్చివుంటే కిడ్నీ దక్కివుండేది.

పరీక్షలమ్మ అన్నది రోగులు పెట్టుకున్న పేరు. ఆమె ముప్ఫై ఏళ్ళుగా నర్సు. ఆఖరి తొమ్మిదేళ్ళుగా ఆమె పని, మార్పిడి జరిగినవాళ్ళకు తాము మింగుతున్న మందుల గురించి ఎంత తెలుసో తేల్చడం. అంతకుముందు ఆ పని ఎవరూ చేసేవారు కారు. చీటీ చేతికిచ్చి, "జాగ్రత్తగా వాడండి" అని పంపేసేవారు. జాగ్రత్త అన్న మాటకు ఎవరి అర్థం వారిది. ఒకావిడ జ్వరం వచ్చినప్పుడల్లా బిళ్ళలన్నీ ఆపేసి, తగ్గాక రెండేసి మింగేది. ఒక పెద్దాయన ఒంట్లో కులాసాగా ఉందని మానేశాడు. ఆ కులాసా బిళ్ళల పుణ్యమేనని ఆయనకు తెలిసేసరికి అది కాస్తా పోయింది. ఇలాంటి ప్రతి నష్టం దగ్గరనుంచీ వెనక్కి నడిచి, ఏ తెలియనితనం వల్ల అది వచ్చిందో వెతికి పట్టుకుని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రశ్న చొప్పున ఆమె తన కాగితం తయారుచేసింది. అందులో ఊరికే అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు.

పరీక్ష గదిలోకి రోగి ఒక్కడే రావాలి. భార్యలూ తల్లులూ వెంట వస్తామంటే ఆమె తలుపు దగ్గరే ఆపేది. "కిడ్నీ ఉన్నది ఆయన ఒంట్లో. మీరు పక్కనుంటే ఆయన నోరు తెరవడు, మీరు మూయరు," అనేది. పదహారు కంటే తక్కువ వచ్చినవాళ్ళు గురువారం క్లాసుకు రావాలి. పదహారో ఆపైనో వచ్చినా ఇరవై రానివాళ్ళు మూడు నెలలకోసారి రావాలి. ఇరవైకి ఇరవై వచ్చినవాళ్ళ ఫైలు మీద ఆమె ఒక ఆకుపచ్చ చుక్క అంటించేది. చుక్క ఉన్నవాళ్ళు ఇక క్లాసుకు రానక్కర్లేదు. క్లాసు గదిలో పద్నాలుగు కుర్చీలే పట్టేవి. తెలిసినవాడికి తెలిసిందే చెబితే, తెలియనివాడికి కుర్చీ దొరకదు. ఈ లెక్కలో తప్పుపట్టడానికి అప్పట్లో ఎవరికీ ఏమీ కనబడలేదు, ఆమెకు కూడా.

తాళాలాయన పరీక్షకు వచ్చింది కిడ్నీ మార్చిన రెండు నెలలకు. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, సన్నటి మనిషి, వేళ్ళ సందుల్లో ఇత్తడి రజను ఇంకా పూర్తిగా వదలలేదు. కిడ్నీ ఇచ్చింది అతని అక్క. ఆవిడ ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పనిలో ఉండేది. ఆ రోజు ఆవిడా గదిలోకి రాబోయింది.

"మీరు బయట కూర్చోండమ్మా," అంది పరీక్షలమ్మ.

"లోపలున్న కిడ్నీ నాదేగా. సగం మార్కులైనా నాకు రావాలి," అంటూ ఆవిడ బయటి బల్ల మీద చతికిలబడింది.

పరీక్షలమ్మ తలుపు వేసి కాగితం తీసింది. "ఈ పెద్ద బిళ్ళ ఎందుకు వేసుకుంటున్నారు?"

"అక్క కిడ్నీ నా ఒంటికి పరాయిది కదండీ. ఒంట్లో కాపలావాళ్ళకి అది దొంగలా కనబడుతుంది. మీద పడి చంపేస్తారు. ఈ బిళ్ళ ఆ కాపలావాళ్ళని జోకొడుతుంది."

"బాగా జోకొడితే ఇంకా మంచిదేగా? రెండు బిళ్ళలు ఎక్కువేసుకుంటే?"

"అప్పుడు అసలు దొంగలొస్తారు. జ్వరాలూ, దగ్గులూ. అదీగాక ఆ బిళ్ళ ఎక్కువైతే కిడ్నీకే చేటు. అందుకే కొలిచి ఇస్తారు." అతను కాసేపు ఆలోచించి, "తాళం కూడా అంతేనండి. మరీ బిగిస్తే సొంతవాడికీ తెరుచుకోదు," అన్నాడు.

ఏ బిళ్ళ ఏ రంగో, దేనితో కలిపి వేసుకోకూడదో, వాంతి అయితే ఎంతసేపటిలోపు మళ్ళీ వేసుకోవాలో, ఒంటినొప్పులకు అంగట్లో బిళ్ళలు ఎందుకు కొనకూడదో, అన్నీ చెప్పాడు. వేళల ప్రశ్న వచ్చినప్పుడు, "పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది" అని ఠక్కున చెప్పాడు. అతని శ్రద్ధకు ముచ్చటేసి, పరీక్షలమ్మ కాగితంలో లేని ముక్క ఒకటి తనంతట తాను కలిపింది.

"ఎనిమిదంటే ఎనిమిదే బాబూ. ఆకాశం విరిగి మీద పడుతున్నా సరే, ముందు బిళ్ళ వేసుకుని తరవాత పక్కకి తప్పుకోండి."

అతను నవ్వి తలూపాడు. ఆమె హాస్యానికి అన్నది. అతను దాన్ని ఇరవై ఒకటో పాఠంగా నేర్చుకున్నాడు.

బయటికి రాగానే అక్క లేచింది. "ఎన్నొచ్చాయమ్మా వీడికి?"

"ఇరవైకి ఇరవై."

"అయ్యో, మా నాన్న చూడకుండానే పోయాడే! బడిలో వీడికి పదికి రెండొచ్చిన రోజున ఇంట్లో లాంతరు పెద్దది చేసి చూసుకున్నాం, కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని." తమ్ముడి భుజమ్మీద ఒక్కటి వేసింది. "చూశావట్రా, నా సొత్తు లోపలికి వెళ్ళాకే నీకు బుర్ర పనిచేస్తోంది."

ఆ రోజుల్లో నెత్తురు తీసే గది పాత భవనంలో ఉండేది. పొద్దున్న ఏడుకే తెరిచేవారు. చూపించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ ఏడున్నరలోపు నెత్తురు తీసేసేవారు. దీనికొక కారణం ఉంది. బిళ్ళ మింగిన గంటన్నరకు మందు నెత్తురులో నిండుకుండలా ఉంటుంది. పన్నెండు గంటలకు, మళ్ళీ బిళ్ళ వేళకు, అడుగంటుతుంది. ఆ అడుగుమట్టం ఎంతుందో చూసి డాక్టర్లు మోతాదు పెంచడమో తగ్గించడమో చేస్తారు. ఏడున్నరకు నెత్తురిచ్చి ఎనిమిదికి బిళ్ళ వేసుకుంటే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకుండానే పని సవ్యంగా సాగిపోయేది. అందుకే ఆ ఇరవై ప్రశ్నల్లో దాని గురించి ప్రశ్న లేదు. ఇంకా జరగని నష్టం నుంచి ఆమె ప్రశ్న తయారుచేయలేదు కదా.

తాళాలాయన పరీక్ష అయిన నాలుగు నెలలకు నెత్తురు తీసే గదిని కొత్త భవనానికి మార్చారు. అక్కడ అన్ని విభాగాలకూ ఒకటే వరస. మార్పిడి రోగుల వంతు తొమ్మిదిన్నరకు గానీ వచ్చేది కాదు. చేత్తో రాసే చీటీలు పోయి యంత్రం కొట్టే చీటీలు వచ్చాయి. చివరి బిళ్ళ ఎన్ని గంటలకు వేసుకున్నారో రాసే గడి పాత చీటీలో ఉండేది, కొత్తదాంట్లో లేదు. గోడమీద అంటించడానికి పరీక్షలమ్మ ఒక ప్రకటన రాసి అచ్చుకు పంపింది. అది ఏ బల్ల మీద ఆగిందో ఆగింది. సరే, అచ్చయి వచ్చేదాకా నోటితోనైనా చెప్పాలని, వరసగా మూడు నెలలు ప్రతి గురువారం క్లాసులో మరీ మరీ చెప్పింది: "ఇక్కడికొచ్చే రోజున పొద్దుటి బిళ్ళ ఇంటి దగ్గర వేసుకోకండి. జేబులో తెచ్చుకోండి. నెత్తురిచ్చాక వేసుకోండి."

ఇరవై రానివాళ్ళంతా విన్నారు. ఆకుపచ్చ చుక్కవాళ్ళు ఆ గదిలో లేరు.

ఆ తరవాతిది ఒకదాని వెనక ఒకటి, మెట్లు దిగినట్టు జరిగింది. కొత్త భవనంలో మొదటిసారి తాళాలాయన నెత్తురులో మందు ఉండాల్సినదానికి రెట్టింపు కనబడింది. మోతాదు తగ్గించారు. మరుసటి నెల మళ్ళీ ఎక్కువే కనబడింది. మళ్ళీ తగ్గించారు. నాలుగో నెలకు కిడ్నీ నలత చేసింది. మందు ఎక్కువైతే కిడ్నీకి చేటు కనుక, ఎక్కువే కనబడుతోంది కనుక, ఇంకాస్త తగ్గించారు. ఆరో నెలలో కాళ్ళు వాచి, మొహం ఉబ్బి, అతను వార్డులో చేరాడు. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తే, ఒళ్ళు దాన్ని తిరస్కరిస్తోందని తేలింది. ఐదు రోజులు ఖరీదైన ఇంజెక్షన్లు చేశారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి. ఇక డయాలసిస్ తప్పదన్నారు.

వార్డులో రోగులకు నెత్తురు తెల్లవారి ఆరింటికే తీస్తారు. అప్పుడు చూస్తే, ఎనిమిది పాళ్ళు ఉండాల్సిన మందు అడుగున ఎక్కడో ఉంది, రెండు పాళ్ళు. నెలనెలా వచ్చినప్పుడు పదహారు, పద్దెనిమిది, వార్డులో రెండు. దీన్ని చూసి పెద్ద డాక్టరుగారు ఏ డాక్టరైనా అనుకునేదే అనుకున్నాడు. ఇంటి దగ్గర మందులు మానేసి, చూపించుకోవడానికి వచ్చే రోజు మాత్రం గబగబా మింగి వస్తున్నాడని. అలాంటివాళ్ళు ఆయన అనుభవంలో చాలామంది ఉన్నారు. శుక్రవారం పదింటికి కమిటీ కూర్చుంటుంది. మరో కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో ఎవరి పేరు చేర్చాలో, ఎవరిది చేర్చకూడదో అక్కడే నిర్ణయం. మందులు మానేసి కిడ్నీ పోగొట్టుకున్నవాడి పేరు చేర్చరు. అందులో అన్యాయమేమీ లేదు. ఉన్న కిడ్నీలు తక్కువ.

బుధవారం పొద్దున్న డాక్టరుగారు పరీక్షలమ్మను పిలిచాడు. "ఒకసారి మీ కాగితం పట్టుకెళ్ళి అతన్ని మళ్ళీ అడగండి సిస్టర్. తెలియక చేశాడా, తెలిసి చేశాడా అన్నది కమిటీకి చెప్పాలి. తెలియకపోతే క్షమించడానికి కాస్త వీలుంటుంది."

వార్డు తలుపు దగ్గర అక్క గొంతు వినబడింది. పరీక్షలమ్మ ఆగిపోయింది.

"నా కడుపు కోసి ఇచ్చాన్రా! మూడు నెలలు వంగలేక, ఇస్త్రీ పెట్టె ఎత్తలేక చచ్చాను. పోనీ పారేసుకున్నావు. పారేసుకున్నానని చెప్పు. తప్పు చేశావంటే ఓర్చుకుంటాను, అబద్ధం ఆడితే మాత్రం ఓర్చుకోను. నా మొహం చూసి చెప్పు."

"వేసుకున్నానక్కా. ఒట్టు."

"మళ్ళీ ఒట్టొకటి! నీ ఒట్లు గట్టున పెట్టు."

ఆవిడ విసురుగా బయటికి వచ్చి, పరీక్షలమ్మను చూసి కూడా పలకరించకుండా పోయింది.

తాళాలాయన మంచమ్మీద లేచి కూర్చున్నాడు. పరీక్ష అనగానే అతని ఉబ్బిన మొహంలో ఆశ లాంటిదేదో కదిలింది. ఇక్కడైనా తనను నమ్ముతారనుకున్నాడు కాబోలు. ఒక్కొక్క ప్రశ్నకూ పోయినసారిలాగే, తడుముకోకుండా జవాబు చెప్పాడు. ఒక్కొక్క జవాబుకూ ఆమె మనసు కుంగింది. పది ప్రశ్నలు అయ్యేసరికే తెలిసిపోయింది, ఇతనికి మళ్ళీ ఇరవై వస్తాయి. అన్నీ తెలిసి మానేశాడని కమిటీ రాసుకుంటుంది. తాను వేసే ప్రతి మార్కూ ఇతని మీద సాక్ష్యమే.

"పదకొండు. బిళ్ళ చేజారి పోతే ఏం చేస్తారు?"

"ఎప్పుడూ రెండు ఎక్కువ దగ్గర పెట్టుకుంటానండి. ఆ మధ్య నిజంగానే పోయింది కూడా. బస్సులో ఉన్నాను, ఎనిమిదయింది, డబ్బీ తీశాను. ఆ డ్రైవరు మహానుభావుడు బ్రేకు వేశాడు, బిళ్ళ ఎగిరి ముందు సీటు కిందికి పోయింది. కండక్టరు ‘ఏం వెతుకుతున్నారు సార్’ అంటాడు, ‘మా అక్క కిడ్నీ’ అన్నాను. నాకు పిచ్చేమోనని రెండు సీట్లు దూరం జరిగాడు." చాలా రోజుల తరవాత నవ్వినట్టున్నాడు, దగ్గొచ్చింది. "ఇంకోటి తీసి వేసుకున్నాను. రెండు నిమిషాలు ఆలస్యం, అంతే."

ఆమె సరే అని టిక్కు పెట్టబోయింది. కలం ఆగింది.

"ఎక్కడికి వెళుతున్నారు, బస్సులో?"

"ఇక్కడికేనండి. చూపించుకోవడానికి."

"ఇక్కడికొచ్చే రోజున... బస్సులో బిళ్ళ వేసుకున్నారా?"

"ఇప్పుడు మునుపటిలా ఏడింటికే రానక్కర్లేదుగా, ప్రతిసారీ బస్సులోనే. ఎనిమిదికి సరిగ్గా వంతెన మీద ఉంటుంది బస్సు." ఆమె మొహం చూసి అతని గొంతు తగ్గింది. "ఏమండీ? ఒక మార్కు పోయిందా?"

"లేదు," అందామె. "మిగతావి మళ్ళీ వచ్చి అడుగుతాను." కాగితం మడిచి లేచింది. 

తన గదికి వెళ్ళి పదకొండు ఆకుపచ్చ చుక్కల ఫైళ్ళూ బల్ల మీద పరిచింది. తాళాలాయనది పోగా పది. నెత్తురులో మందు ఎక్కువ కనబడి మోతాదు తగ్గించినవి వాటిలో రెండున్నాయి. ఒక బడి పంతులమ్మ, ఒక ప్రెస్సు పనివాడు. ఒక్కొక్కరికే ఫోను చేసింది. ఏడుగురు వరసలో నిలబడినప్పుడు పక్కవాళ్ళ నోట విన్నారట, బిళ్ళ జేబులో తెచ్చుకుంటున్నారట. ఒకాయన నెత్తురు వేరే చోట ఇస్తాడు. ఇక మిగిలిన ఆ ఇద్దరూ, "వేళకి వేసుకునే వస్తున్నామమ్మా, ఒక్కనాడూ తప్పలేదు," అన్నారు, మెచ్చుకుంటుందేమోనన్నట్టు. రేపు పొద్దున్న ఎనిమిదికల్లా బిళ్ళ వేసుకోకుండా వచ్చేయండని చెప్పింది. తాళాలాయన మాటలు తక్కువ మనిషి, వరసలో ఎవరితోనూ కలవడు. కలిసివుంటే ఎవరో ఒకరు చెప్పేవారు.

ఇక్కడిదాకా ఆమె చేయవలసినవన్నీ వెంటనే చేసింది. ఒక్కటి మాత్రం చేయలేదు. మళ్ళీ వార్డుకు వెళ్ళలేదు. ముందు రేపటి నెత్తురు ఫలితం రానీ, అప్పుడు ఖాయంగా చెప్పొచ్చు అనుకుంది. అది కారణం కాదు, సాకు. పంతులమ్మ నెత్తురు చెప్పబోయేది ఆమెకు అప్పటికే తెలుసు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. గది మార్చినవాళ్ళది ఒక పిడికెడు, గడి తీసేసినవాళ్ళది ఒక పిడికెడు, ప్రకటన అచ్చువేయని వాళ్ళది ఒకటి. అలా పంచిచూస్తే కూడా పెద్ద పిడికిలి ఎవరిదో దాచలేకపోయింది. ఆ ముక్క అతని మొహం మీద చెప్పడానికి ఒక్క రాత్రి గడువు తీసుకుంది.

ఆ గడువు ఎంత ఖరీదు చేసిందో గురువారం మధ్యాహ్నం తెలిసింది. పొద్దుటి ఫలితాలు చేతబట్టుకుని ఆమె డాక్టరుగారి గదికి వెళ్ళింది. పంతులమ్మకు మూడు, ప్రెస్సు పనివాడికి రెండున్నర. ఇద్దరికీ అప్పటికప్పుడే మోతాదు పెంచారు. వాళ్ళ కిడ్నీలు ఇంకా చెడలేదు. నిలబడే మొత్తం చెప్పింది. ఆయన అంతా విన్నాక సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

"నిన్న సాయంత్రం రాసిచ్చాడు. వాళ్ళక్కే వెంటబెట్టుకుని వచ్చింది."

గుండ్రటి, పట్టిపట్టి రాసిన అక్షరాలు. నేను ఇంటి దగ్గర మందులు సరిగా వేసుకోలేదు. ఆసుపత్రికి వచ్చే రోజుల్లో మాత్రమే వేసుకున్నాను. ఇది నా తప్పు. కింద సంతకం.

"ఇది నిజం కాదు," అందామె.

"కాదని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది. కానీ అతను స్వయంగా ఒప్పుకున్నది, మీరు కాదంటున్నది, రెండూ కమిటీ ముందు పెడితే దేన్ని నమ్ముతారు?" ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. "మధ్యేమార్గం ఒకటుంది సిస్టర్. ‘కారణం తేలలేదు’ అని రాస్తాను. ఏడాదిపాటు గమనించి అప్పుడు పేరు చేరుస్తారు. అతనికి నింద ఉండదు, మీకూ ఉండదు. మీ ప్రశ్నల కాగితం వచ్చే నెల మరో ఆరు ఆసుపత్రులకు వెళ్తోంది. దాని మీద నా సంతకం కూడా ఉంది."

"వెళ్ళనివ్వకండి."

"కోపంలో అంటున్నారు."

"లేదు డాక్టరుగారూ. కారణం తేలింది. తేలలేదని రాస్తే, వాళ్ళక్క బతికున్నన్నాళ్ళూ అతనే కారణమనుకుంటుంది." ఆమె తన పేరుతో రాసిన ఉత్తరం ఆయన ముందు పెట్టింది. రెండు పేజీలు. తేదీలు, ఫలితాలు, ఎవరికి చెప్పిందో, ఎవరికి చెప్పలేదో, ఎందుకు చెప్పలేదో. "ఆ డయాలసిస్ యంత్రం మీద ఏడాది అంటే ఎంతో మీకూ తెలుసు."

ఆయన చదివాడు. చివరికి, "అయితే అతని చేత ఇది వెనక్కి తీసుకుంటున్నట్టు రాయించుకురండి. రేపు పదిలోపు. అది లేకపోతే మీ ఉత్తరం ఒక్కటీ నిలవదు," అన్నాడు.

అక్క వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది. నిన్నటి మనిషిలా లేదు, మొహం తేటపడింది. పరీక్షలమ్మను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"రా తల్లీ, కూర్చో. నిన్న ఏదో కోపంలో పలకరించలేదు, మనసులో పెట్టుకోకు. విన్నావా? ఒప్పుకున్నాడు. మొదట కాదన్నాడు, గింజుకున్నాడు. ‘ఇదిగో, చేశానని ఒక్క మాట అను, జన్మలో మళ్ళీ ఈ ఊసెత్తను’ అన్నాను. అప్పుడు అన్నాడు. చిన్నప్పుడు పాలు ఒలకబోసి పిల్లి మీద పెట్టేవాడు. ఈసారి తన మీద పెట్టుకున్నాడు. ఇద్దరం కూర్చుని ఏడ్చాం. పోయిందేదో పోయింది, మనిషి మిగిలాడు. నాకు నిన్న రాత్రే కంటినిండా నిద్రపట్టింది."

పరీక్షలమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. బిళ్ళ మింగాక మందు ఎలా నిండుతుందో, ఎలా అడుగంటుతుందో, తొమ్మిదిన్నరకు నెత్తురు తీస్తే ఏం కనబడుతుందో, క్లాసుకు ఎవరిని రావద్దందో. అక్క నెమ్మదిగా అడిగింది.

"అంటే వాడు రోజూ వేసుకున్నాడా?"

"ఒక్క పూట తప్పలేదు."

"వేసుకున్నందుకే పోయిందా?"

"ఇక్కడికొచ్చే రోజు పొద్దున వేసుకోకూడదు. ఆ మాట ఆయనకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. నిన్న పొద్దున్నే నాకు తెలిసింది. నిన్ననే వచ్చి మీకు చెప్పివుంటే ఆయన ఆ కాగితం రాసేవాడు కాదు. అదీ నాదే."

అక్క తన రెండు చేతులూ చూసుకుంది. ఇస్త్రీ పెట్టె కాల్చిన పాత మచ్చలు మణికట్ల మీద ఉన్నాయి.

"చేయని తప్పు ఒప్పించానన్నమాట," అంది. "ఒప్పించి, క్షమించేశాను కూడా. ఎంత గొప్పదాన్ని!" ఆవిడ పరీక్షలమ్మ వైపు తలెత్తింది. ఆ చూపులో తిట్టు ఉంది, కానీ బయటికి రాలేదు. "నిన్ను నాలుగు మాటలు అనే దారి కూడా లేకుండా చేశావు. ఏమన్నా ముందు నన్ను నేను అనుకోవాలి. పద."

తాళాలాయన కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. అక్క మంచం పక్కన నిలబడి, "ఒరేయ్, లే. నిన్న చెప్పిన అబద్ధం వెనక్కి తీసుకో," అంది.

"ఏ అబద్ధం అక్కా?"

"బిళ్ళలు మానేశానన్నావే, అది."

అతను అక్క వైపు చూశాడు. ఆవిడ వెనక ఉన్న పరీక్షలమ్మ వైపు చూశాడు. దాచుకున్నదేదో దొరికిపోయినట్టు బెదిరాడు. "ఇప్పుడు బాగానే ఉన్నాంగా. మళ్ళీ ఎందుకది," అని గొణిగాడు.

పరీక్షలమ్మ అదంతా మూడోసారి చెప్పింది. డాక్టరుకూ అక్కకూ చెప్పడం వేరు. ఇక్కడ ప్రతి ముక్కకూ అతను తలూపుతున్నాడు, ఊడదీసిన తాళం లోపలి పనితనం చూపిస్తుంటే చూస్తున్నవాడిలా. ఏ నెలలో గది మారింది, ఆ తరవాత తాను ఎన్నిసార్లు వచ్చాడు అని రెండు ప్రశ్నలు అడిగాడు. ఆరుసార్లని తేలింది.

"అయితే వేళకి మందేసుకుని అక్క కిడ్నీని నేనే చంపానన్నమాట."

"మీరు కాదు బాబూ. నేను చెప్పినట్టు మీరు చేశారు."

"నేనన్నదీ అదేగా."

అక్క చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. పక్క మంచం మీది ముసలాయన వినబడనట్టు నటిస్తూ గోడవైపు ఒత్తిగిల్లాడు.

నిన్నటి ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి తెచ్చిన కాగితం పరీక్షలమ్మ అతని చేతికిచ్చింది. అతను రెండుసార్లు చదివాడు. "నిన్నటిదాంట్లో మానేశానని నేనే రాశాను. దీంట్లో మానలేదని ఉంది. రెండిటి కిందా నా సంతకమే. అబద్ధాలకోరని ఇప్పుడు రుజువైనట్టేగా. నమ్ముతారా?"

"నమ్మకపోతే నన్ను పిలిచి అడుగుతారు. నేను అక్కడే ఉంటాను."

"నమ్మితే?"

"మీ పేరు జాబితాలో ఉంటుంది."

"ఇంకొకరి కిడ్నీ," అన్నాడు. వద్దనీ అనలేదు, కావాలనీ అనలేదు. కుడిచేతికి సూది ఉంది. అక్క వచ్చి మందుల పళ్ళెం తిరగేసి, కాగితం దానిమీద పరిచి, చెదరకుండా రెండు చేతులతో అదిమిపట్టుకుంది. అతను ఎడమచేత్తో, కోడిగీతల్లా, సంతకం చేశాడు.

శుక్రవారం కమిటీ పరీక్షలమ్మను పిలిచి ముప్పావు గంటసేపు అడిగింది. ఆకుపచ్చ చుక్కలు తీసేయాలని, ఆమె ఉత్తరం మీద విచారణ జరపాలని, అది ముగిసేదాకా ఆమె రోగులను పరీక్షించకూడదని తీర్మానించింది. తాళాలాయన పేరు జాబితాలో చేర్చింది. అతనికంటే ముందు నూట ముప్ఫై ఆరు పేర్లున్నాయి. ఏడాదికి ఇరవై దాకా కదిలితే గొప్ప.

ఆ సంగతి చెప్పడానికి ఆమె వార్డుకు వెళ్ళింది. అక్క గుమ్మం దగ్గరే ఎదురొచ్చి, అన్నీ విని, తలూపింది.

"ఇప్పుడే నిద్రపట్టింది, లేపకు. లేచాక నేను చెప్తాలే," అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.